సంచిలో రెండే పుస్తకాలు

1893 ఫిబ్రవరి 13. సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో సుమారు వెయ్యిమంది చేరారు. వారిలో తెల్లదొరలూ చాలామందే ఉన్నారు. మాట్లాడబోయేది ముప్పై ఏళ్ల బెంగాలీ సన్యాసి. పాశ్చాత్య దేశాలకు తానెందుకు వెళ్లాలనుకుంటున్నదీ వివేకానందుడు ఆ రోజు ఆంగ్లంలో వివరించాడు. షికాగో సర్వమత సభ అప్పటికింకా ఏడు నెలల దూరంలో ఉంది. 1862లో మొదలైన ఆ విద్యాసంస్థ ప్యాట్నీ సెంటర్ దగ్గర ఇప్పటికీ నడుస్తోంది.

పరివ్రాజకుడిగా దేశమంతా తిరిగిన ఆ ఏళ్లలో కర్ర, కమండలంతోపాటు ఆయన వెంట ఉన్నవి రెండే పుస్తకాలు. ఒకటి భగవద్గీత. రెండోది 15వ శతాబ్దపు క్రైస్తవ సాధువు థామస్ ఎ కెంపిస్ రాసిన ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’. కాషాయం కట్టిన మనిషి ఆ రెండోదాన్ని చదివి ఊరుకోలేదు. కొంత భాగాన్ని బెంగాలీలోకి తెచ్చి, ముందుమాట కూడా రాశాడు.

ఇప్పుడు మన అలమరాల్లో ‘వ్యక్తిత్వ వికాసం’ అరే పెద్దది. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ తెలుగులో ఈ రకం పుస్తకాలకు పెద్ద పాఠకలోకాన్ని తెచ్చింది. బి.వి. పట్టాభిరాం పుస్తకాలు ఇంటింటికీ చేరాయి. 2018లో వచ్చిన జేమ్స్ క్లియర్ ‘అటామిక్ హ్యాబిట్స్’ కుర్రకారు చేతుల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఇవన్నీ మేలు చేసేవే. చిక్కల్లా ఒకటి సగంలో ఉండగానే ఇంకోటి కొనడంతోనే. పుస్తకం మనిషిని మార్చేది దాన్ని పట్టుకుని వేలాడినప్పుడే అని నా నమ్మకం. అలా పట్టుకోవడానికి సలహాల పుస్తకం కంటే ఒక మనిషి బతుకు కథ బాగా పనికొస్తుంది.

ఈ సంగతి జంటనగరాల పెద్దలు నూరేళ్లకు ముందే గ్రహించారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చింది. ఆ మరుసటి ఏడే కొమర్రాజు లక్ష్మణరావు, మిత్రులు విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. తెలుగువాళ్లకు చరిత్ర, విజ్ఞాన శాస్త్రాలు అందించాలన్నది వాళ్ల తపన. అయినా మొట్టమొదట అచ్చువేసింది ఒక జీవిత చరిత్రను: గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన ‘అబ్రహాం లింకన్’. ఆ లింకనే కుర్రతనంలో వాషింగ్టన్ జీవితచరిత్రను ఎరువు తెచ్చుకుని, అది వానకు తడిస్తే, దాని ఖరీదు కింద యజమాని పొలంలో కూలి చేసి తీర్చుకున్నాడు. గాడిచర్ల 1908లో పత్రికా రచనకు జైలుకెళ్లారు. ఆ తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయాలకూ, వయోజన విద్యకూ ధారపోశారు. ఒకరి జీవితం ఇంకొకరి చేతిలో పుస్తకమై, ఆ చదివినవాడి జీవితం మళ్లీ మరొకరికి పుస్తకమవుతుంది. ఈ వరుస తెగకూడదన్నదే నా ఆరాటం.

అలవాట్ల మాటకొస్తే బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథను మించింది నాకు కనబడదు. మితాహారం, మౌనం, క్రమం, పొదుపు, శుభ్రత ఇలా 13 గుణాలు ఎంచుకున్నాడాయన. చిన్న నోటు పుస్తకంలో ఒక్కో గుణానికి ఒక్కో పేజీ. ఎర్ర సిరాతో నిలువునా ఏడు గళ్లు, వారంలో రోజుకొకటి. అడ్డంగా 13 వరుసలు. తప్పు జరిగిన రోజు గడిలో నల్లచుక్క. వారానికి ఒక్క గుణం మీదే గట్టిగా దృష్టి పెట్టేవాడు. అలా పదమూడు వారాలకో చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. చుక్కలు చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడితే దంతపు పలకలకు మారాడు. తడి స్పాంజితో తుడిస్తే పోయేలా వాటి మీద పెన్సిలుతో గీసేవాడు. మొదటి జాబితాలో 12 గుణాలే. గర్విష్ఠివని స్నేహితుడు మొహం మీదే చెబితే వినయాన్ని చివర్న చేర్చాడు. క్రమం తనకు ఎంతకీ పట్టుబడలేదనీ దాచకుండా రాసుకున్నాడు. ఆ మాట చదివాకే చాలామందికి ధైర్యం వస్తుంది.

పుస్తకం వల్ల మారడానికి గాంధీజీకైతే ఒక్క రైలు ప్రయాణం చాలింది. 1904లో జొహనెస్‌బర్గ్‌లో బండెక్కుతుంటే పోలక్ అనే మిత్రుడు రస్కిన్ ‘అన్ టు దిస్ లాస్ట్’ చేతిలో పెట్టాడు. డర్బన్ చేరేందుకు ఇరవై నాలుగు గంటలు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. పుస్తకం చెప్పినట్టే బతకాలని నిశ్చయించుకుని, ఆ ఏడే ఫీనిక్స్ ఆశ్రమం మొదలుపెట్టాడు.

ఇవాళ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే పొద్దుట్నుంచి రాత్రిదాకా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలే. వాళ్ల బల్లల మీద గైడ్ల పక్కన ఒక జీవితచరిత్ర కూడా ఉండాలని నా కోరిక. అబ్దుల్ కలాం ‘ఒక విజేత ఆత్మకథ’తో మొదలుపెట్టమంటాను. ఆయన మన హైదరాబాద్‌లోనే పదేళ్లు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్‌ను నడిపినవాడు. అంతకు చాలా ముందు, కుర్రతనంలో వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ వెళ్తే 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకున్నది ఎనిమిది మందినే. గుండె బరువుతో రిషికేశ్‌కు వెళ్లి శివానందుణ్ని కలిశాడు. ఒక్క మార్కుతో గ్రూప్స్ తప్పిన పిల్లలకు ఫలితాలొచ్చిన రోజు సాయంత్రమే ఎవరో ఒకరు ఆ పేజీలు తెరిచి ఇవ్వాలి.