ఎండ్రకాయ కోసం రత్నగిరి దాకా

మన విడీ ఘర్కుల్‌లో ఆదివారం పూట ఏ వాకిలి ముందు నిలబడినా లోపల ఏమి వుడుకుతున్నదో చెప్పవచ్చును. మటన్ అయితే ఒక వాసన, ఉజని నుంచి వచ్చిన చిలాపి చేపలైతే ఒక వాసన. ఎండ్రకాయల పులుసు అయితే మాత్రం వాసనకన్న ముందు చప్పుడు వినవస్తుంది; రోట్లో కాళ్లు దంచే చప్పుడు. మా యింట్లో ఆ చప్పుడు 3 యేళ్లపాటు ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్పి, తర్వాత మా అమ్మను వెంటబెట్టుకొని సముద్రం దాకా పోయి వచ్చిన సంగతి చెబుతాను. ఎండ్రకాయను పట్టిన చోటికే పోయి తినడం లాభమా, దండుగా అని ఆఫీసులోనూ వీధిలోనూ నన్ను అడిగినవారు చాలామంది వున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక యిక్కడ రాస్తున్నాను.

3 యేళ్ల క్రితం ఒక ఆదివారం బజారులో మంచుపెట్టెలో పెట్టిన సముద్రపు ఎండ్రకాయలను చూసి నేనే మోజుపడ్డాను. వాటి కాళ్లు కదలడం లేదు. "చల్లదనానికి నిద్రపోతున్నాయి సేఠ్" అన్నాడు అమ్మేవాడు. చదువురాని వాడెవడూ ఆ మాట నమ్మడు. మెట్రిక్ పాసైన నేను నమ్మాను. ఆ రాత్రి యింటిల్లిపాదికీ వాంతులు. పిల్లలూ నేనూ తెల్లవారేసరికి తేరుకున్నాము. అమ్మకు మాత్రం రెండు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. 40 యేళ్లు విడీలు చుట్టిన మనిషి, ఆ పొగాకు ధూళితో అసలే ఛాతీ బలహీనం. ఆసుపత్రి మంచం మీద ఆమె నన్ను తిట్టలేదు. "సచ్చినదాన్ని యింటికి తెచ్చినవేంరా బిడ్డా" అని మాత్రం అన్నది. తిట్టివుంటే బాగుండేది.

అమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో వాగు పక్క పల్లె. తొలకరి వానలకు బొరియల్లోంచి బయటికి వచ్చే ఎండ్రకాయలను పొలంగట్ల మీద చేత్తో పట్టిన పిల్ల ఆమె. ఆమె దగ్గర రెండు నియమాలున్నాయి. కాళ్లాడించని ఎండ్రకాయను ముట్టరాదు. కడుపు కింద పిల్లలున్న దానిని పట్టరాదు. రెండవది దయాధర్మం కాబోలు అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది: సముద్రపు ఎండ్రకాయ గుడ్లు పొదిగితే పిల్లలు కంటికి కనబడని పురుగుల్లా నీటిలో కొట్టుకుపోతాయి. మంచినీటి ఎండ్రకాయ అలా కాదు. గుడ్డులోంచే చిన్న ఎండ్రకాయ వస్తుంది, కొన్నాళ్లు తల్లి కడుపు రేకు కిందనే వుంటుంది. ఆ తల్లిని దంచితే వచ్చే యేటి పంటంతా దంచినట్టే.

మొదటి నియమం సంగతి మరీ ముఖ్యం. ఎండ్రకాయ చచ్చిన మరుక్షణం నుంచి దాని కడుపులోని జీర్ణరసాలు కట్టు తప్పి సొంత మాంసాన్నే కరిగించడం మొదలుపెడతాయి. లోపలి సూక్ష్మజీవులు దానికి తోడవుతాయి. పైన డిప్ప మాత్రం నిగనిగలాడుతూనే వుంటుంది, కనుక కంటికి తెలియదు. చేపకైతే కన్ను చూస్తాము, మొప్ప ఎత్తి చూస్తాము. ఎండ్రకాయకు వున్న సాక్ష్యం ఒక్కటే, ప్రాణం.

ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాత అమ్మ ఎండ్రకాయ మాట ఎత్తలేదు. కిందటి యేడు ఒకనాడు విస్తరాకులు కుడుతూ, "సముద్రం ఒడ్డున తింటే ఎట్లుంటదో" అన్నది. అంతే. దానికి నా భార్య అడ్డుచెప్పింది. తప్పు ఆమెది కాదు. పెద్దవాడి కాలేజీ ఫీజు వాయిదా ఆ నెలలోనే కట్టాలి. ఎండ్రకాయ తినడానికి జిల్లాలు దాటి పోవడమేమిటని లోకులు నవ్వుతారన్నది. నవ్వారు కూడా. నేను మాత్రం 3 యేళ్లనాటి బాకీ ఒకటి మోస్తున్నాను. అది ఆమెకూ తెలుసు. చివరికి డబ్బాలో దాచిన డబ్బు తానే తీసి యిచ్చింది.

మార్గశిర బహుళంలో బయలుదేరాము. కార్తికంలో మేము నీసు ముట్టము, జూన్ జూలైలలో పోయి లాభం లేదు. ఆ రెండు నెలలూ మహారాష్ట్ర తీరంలో మరపడవల చేపలవేటకు నిషేధం వుంటుంది. మనము మార్కండేయ రథోత్సవం చేసుకునే శ్రావణ పున్నమినాడే కొంకణపు కోళీలు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి కొత్త వేట మొదలుపెడతారు. అక్కడినుంచి వేసవి దాకా ఎప్పుడైనా పోవచ్చును.

షోలాపూరు నుంచి రత్నగిరి 350 కిలోమీటర్ల పైమాటే. మంగళవేఢా, సాంగోలా, మిరజ్, కొల్హాపూరు దాటి ఆంబా ఘాటు దిగాలి. రాత్రి ఎస్.టి. ఎర్రబస్సు ఎక్కాము. 2022 ఆగస్టు నుంచి 75 యేళ్లు దాటినవారికి రాష్ట్రంలో ఎస్.టి. ప్రయాణం ఉచితం, కనుక 76 యేళ్ల అమ్మకు టిక్కెట్టు లేదు. ఆధార్ కార్డు చూసి కండక్టరు "ఎక్కడికి అమ్మమ్మా, గణపతిపుళేకా?" అని మరాఠీలో అడిగాడు. "ఖేక్డా తినడానికి" అన్నది అమ్మ తడుముకోకుండా. బస్సులో సగంమంది నిద్ర లేచారు.

మా ఆఫీసులోని ఒక కొంకణ మిత్రుని అక్కగారు భాట్యే ఖాడీకి దగ్గరలో వుంటారు. వారింట దిగాము. మరునాడు తెల్లవారుజామున ఆమె మమ్మల్ని మిర్కర్‌వాడా రేవుకు తీసుకుపోయింది. అక్కడ నేను తెలుసుకున్నదే యీ వ్యాసానికి అసలు విషయం. ఎండ్రకాయ అంటే ఒక్కటే అనుకునేవాణ్ణి. రేవులో అమ్మేవి సముద్రపు ఎండ్రకాయలు: పలుచటి డిప్ప, ఒంటి మీద చుక్కలో నీలిరంగో, వెనక కాళ్లు తెడ్లలాగా. యివి ఈదే జాతి. నీరు తప్పితే కొద్ది గంటలకన్న ఎక్కువ బతకవు. ఖాడీ బురదలో దొరికేవి వేరు. నల్లటి ఆకుపచ్చ డిప్ప, మనిషి వేలు విరవగల డెక్కలు. కోస్తా జిల్లాలవారు మండపీత అనేది దీనినే. కొంకణంలో కుర్లీ, ముంబయి వైపు చింబోరీ, మన షోలాపూరు మరాఠీలో అన్నీ ఖేక్డాలే. యిది మొప్పల అరల్లో తడి దాచుకుంటుంది. డెక్కలు తాడుతో కట్టి, తడి గోనెలో నీడపట్టున వుంచితే రోజుల తరబడి బతుకుతుంది. కృష్ణా గోదావరి మొగల నుంచి యీ పీతలు ప్రాణంతోనే విమానమెక్కి సింగపూరుకు, చైనాకు పోతున్నాయి. సింగపూరు పోగలిగినది షోలాపూరు రాలేదా?

రేవులో అమ్మ బేరం చూడవలసిందే. ఆమెకు వచ్చిన మరాఠీ షోలాపూరుది, చేపలమ్మే మావ్శీది సముద్రపుది. అయినా ఎండ్రకాయను తిరగేసి, కడుపు రేకు సన్నగా వుంటే మగది, వెడల్పుగా వుంటే ఆడదని ఏరింది. వెనకకాలి మొదట్లో బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా లోపలికి పోతే యీమధ్యనే డిప్ప విడిచినదన్నమాట. లోపల కండ వుండదు, నీళ్లే. అమావాస్య రోజుల్లో ఎండ్రకాయ నిండుగా వుంటుందని మావ్శీ అన్నది. మా వూళ్లోనూ అదే మాట అని అమ్మ అన్నది. దానితో బేరం కుదిరింది.

వంట దగ్గర చిన్న యుద్ధం జరిగింది. అక్కగారు కొబ్బరి, ఆమ్సూల్ అంటారు. అమ్మ చింతపండు, ఎల్లిపాయ అంటుంది. చివరికి సముద్రపు ఎండ్రకాయలు ఆవిడ పద్ధతిలో, ఖాడీవి అమ్మ పద్ధతిలో వండారు. మేము తీసుకుపోయిన మంగళవేఢా జొన్నపిండితో రొట్టెలు.

రుచి సంగతి దాచకుండా చెబుతాను. సముద్రపు ఎండ్రకాయ నేను అంతవరకు తిన్నదేదీ కాదు. తెల్లటి కండ, నారలు నారలుగా తీపి. నీచు వాసన లేనే లేదు. బజారులో మంచుపెట్టెలో వున్నదీ యిదీ ఒకే జాతి అంటే నమ్మబుద్ధి పుట్టలేదు. అమ్మ మాట్లాడకుండా తిన్నది. తర్వాత ఒడ్డుకు తీసుకుపోతే కాళ్లు తడుపుకొని, "యింత నీళ్లున్నయా" అన్నది. థీబా రాజమహలు చూద్దామంటే రానన్నది. 1885లో పట్టుకున్న బర్మా రాజును తర్వాత తెచ్చి వుంచిన వూరు కదా అని నేను కథ చెప్పబోతే, "ఆయనకు ఎండ్రకాయలన్నా దొరికినయి" అని ముగించింది.

మూడవనాటి ఉదయం నాలుగు ఖాడీ ఎండ్రకాయలు కొన్నాము. తడి గోనెలో చుట్టి, కాలిసంచిలో పెట్టి, రాత్రి బస్సులో అమ్మ కాళ్ల దగ్గర వుంచాము. మిరజ్ దగ్గర లోపలినుంచి గీకుడు చప్పుడు వచ్చి పక్క సీటాయన పైకి కాళ్లు ముడుచుకున్నాడు. మరునాటి సాయంత్రం యింట్లో గోనె విప్పితే నాలుగూ బుడగలు వదులుతూ వున్నాయి. అమ్మే వండింది, అవే మసాలాలు. రత్నగిరిలో తిన్నదానికీ యిక్కడ తిన్నదానికీ నాకు తేడా తెలియలేదు. అమ్మనడిగితే ఆమే తెలియలేదన్నది.

కనుక డబ్బు లెక్క చూసేవారికి నా సలహా యిది. ఖాడీ ఎండ్రకాయ కోసం రత్నగిరి పోనక్కరలేదు. ప్రాణంతో తెప్పించుకోగలిగితే యింట్లోనే తినవచ్చును. సముద్రపుదాని కోసమైతే పోవాలి, లేదా మానుకోవాలి. మంచులో వచ్చినది నేను మళ్లీ కొనను. మాకైన ఖర్చు మా యింటి నెలన్నర కిరాణా. యేటేటా చేయదగ్గది కాదు.

వాగు ఎండ్రకాయ విషయంలో ఒక హెచ్చరిక చెప్పాలి. పట్టిన చోటనే నిప్పుల్లో పడేసి సగం కాలినదాన్ని తినడం మన పెద్దల నాటి సరదా. మంచినీటి ఎండ్రకాయలో ఊపిరితిత్తులకు పట్టే ఒక పురుగు వుండవచ్చును. మణిపూరులో 1980ల మొదట్లో యీ జబ్బు మనుషులలో బయటపడింది. దగ్గు, దగ్గులో నెత్తురు. అచ్చం క్షయలాగా వుంటుంది, క్షయ మందులకు తగ్గదు. విడీ పొగాకుతో దగ్గే యిళ్లు మనవి, పొరబాటు పడడం సులభం. బాగా మరిగించి వండితే ఆ పురుగు చస్తుంది. ఒడ్డున తిన్నా యింట్లో తిన్నా పూర్తిగా వుడికించి తినండి.

ఆ సాయంత్రం రోలు చప్పుడు విని నాలుగిళ్లవాళ్లు గిన్నెలతో వచ్చారు. నా భార్య అందరికీ వడ్డించింది. పోసినదానికల్లా అమ్మ బస్సు కథ, సముద్రం కథ చెబుతూ కూర్చున్నది. నా వంతుకు రెండు కాళ్లూ, కొంచెం పులుసూ మిగిలాయి.