భుజానికెత్తుకున్న కుట్టుమిషను

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో గుడ్డ సంచికీ గట్టిదనమే గీటురాయి. జార్ఖండ్ ప్రభుత్వం 2017లో ప్లాస్టిక్ క్యారీబ్యాగులను నిషేధించింది. 2022 చివరి నుంచి 120 మైక్రాన్లకన్నా పలచని ప్లాస్టిక్ సంచులు దేశంలో ఎక్కడా చెల్లవు. సాక్చి, బిష్టుపూర్ మార్కెట్లకు వెళ్లేవారికి భుజాన వేలాడే సంచి ఇప్పుడు అవసరం. ఇంట్లో కుట్టుమిషను ఉన్న మహిళకు అదే అవకాశం.

ముడిసరుకు బీరువాలోనే దొరుకుతుంది. పాత జీన్స్ కాలుభాగం సంచికి, నూలు చీర ముక్క లైనింగ్‌కు సరిపోతాయి. దళసరి గుడ్డ కనుక 16వ నంబరు సూది వాడాలి. పట్టీకి దాదాపు 50 అంగుళాల పొడవు చాలు. పట్టీ సంచితో కలిసేచోటే అసలు పరీక్ష. ఒక్క వరస కుట్టుతో సరిపెడితే కూరగాయల బరువుకే ఊడిపోతుంది. చదరంగా నాలుగు వైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మరో రెండు వరసలు వేస్తే బరువు అన్ని కుట్లపైనా సర్దుకుంటుంది.

అయితే గట్టిదనం ఒక్కటే సంచిని అమ్మిపెట్టదు. నలుగురిలో వేరుగా కనిపించాలి. అందుకు కావలసిన సొబగు రాష్ట్రంలోనే ఉంది. హజారీబాగ్ ప్రాంతపు ఆదివాసీ మహిళలు పంటల పండుగకు మట్టిరంగులతో గోడలపై వేసే సొహ్రాయి బొమ్మలు గుడ్డపైకీ వచ్చాయి. సొహ్రాయి-ఖోవర్ చిత్రకళకు 2020లో జీఐ గుర్తింపు దక్కింది.

చిక్కల్లా ధరతోనే. అదే బొమ్మను యంత్రంపై అచ్చు వేస్తే సంచి చవక, కానీ చిత్రకారిణికి దక్కేది శూన్యం. చేత్తో వేయించిన గుడ్డ కొని కుడితే ఖర్చు పెరిగినా రెండు ఇళ్లకు కూలి అందుతుంది. కొనేవారు పట్టీని లాగి చూడటం మామూలే. బొమ్మ వేసిందెవరో కూడా అడగడం మొదలుపెట్టాలి.