ఒక ఫ్రేము, రెండు కార్డులు

2010 ఫిబ్రవరిలో ఎన్విడియా ‘ఆప్టిమస్’ను ప్రకటించింది. ల్యాప్‌టాప్‌లో మామూలు పనులకు కరెంటు తక్కువ తాగే ఇంటెల్ గ్రాఫిక్స్, గేములకూ త్రీడీ పనులకూ ఎన్విడియా చిప్. చాలా మోడళ్లలో తెరకు వెళ్లే కనెక్షన్ ఇంటెల్ వైపే ఉండేది. ఎన్విడియా ఎంత గొప్పగా గీసినా, ఆ బొమ్మ ఇంటెల్ చేతుల మీదుగానే తెరకెక్కాలి. విండోస్‌లో ఈ ఏర్పాటంతా ఎన్విడియాయే చేసిపెట్టింది. లినక్స్‌లో చేయలేదు.

రెడ్ హ్యాట్ ఇంజనీరు డేవ్ ఎయిర్లీ ఆ పనికి పూనుకున్నాడు. ఆయన రాసిన ‘వీజీఏ స్విచరూ’ అదే ఏడాది మేలో 2.6.34 లినక్స్ కెర్నెల్‌తో వచ్చింది. ఒక చిప్ నుంచి ఇంకోదానికి మారవచ్చు, కానీ మారిన ప్రతిసారీ లాగౌట్ కావాలి. రెండూ కలిసి పనిచేసే ‘ప్రైమ్’ నమూనాను కూడా అప్పుడే చూపించాడు. అయితే ఒక కంపెనీ డ్రైవర్ మెమరీలో ఉన్న బొమ్మను మరో కంపెనీ డ్రైవర్‌కు అందించే పద్ధతి కెర్నెల్‌లోనే లేదు.

అది ఫోన్ల వైపు నుంచి వచ్చింది. ఫోన్ చిప్‌లో కెమెరాకు ఒక డ్రైవర్, వీడియో డీకోడర్‌కు ఇంకొకటి, తెరకు మరొకటి. వాటి మధ్య ప్రతి ఫ్రేమునూ కాపీ చేసుకుంటూ పోతే బ్యాటరీ నిలవదు. దీనికోసం లినారో సంస్థలో సుమిత్ సెమ్వాల్ రాసిన ‘డీఎంఏ-బఫ్’ 2012 మార్చిలో 3.3 కెర్నెల్‌లో చేరింది. ఒక డ్రైవర్ తన బఫర్‌కు ఫైల్ డిస్క్రిప్టర్ ఇస్తుంది, అంటే ఒక చిన్న అంకె. దాన్ని అందుకున్న రెండో డ్రైవర్ అదే బఫర్‌ను నేరుగా వాడుకుంటుంది. ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. ఆ సెప్టెంబరులో లినక్స్‌లో తెరను నడిపే ఎక్స్ సర్వర్ 1.13 రాగానే, ఓపెన్ డ్రైవర్లున్న చిప్‌లకు ప్రైమ్ నిజంగా పనిచేసింది.

ఎన్విడియా సొంత డ్రైవర్ మాత్రం బయటే ఉండిపోయింది. డీఎంఏ-బఫ్ ఫంక్షన్లు జీపీఎల్ లైసెన్సున్న మాడ్యూళ్లకే పరిమితం. ఆ షరతు సడలించమని 2012 అక్టోబరులో ఎన్విడియా ఇంజనీరు అడిగితే, అలన్ కాక్స్ లాంటి కెర్నెల్ డెవలపర్లు ససేమిరా అన్నారు. వాళ్ల పట్టుదల న్యాయమైనదే అని నా అభిప్రాయం. ఇబ్బంది పడింది మాత్రం ఆ ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లు. 2013లో వచ్చిన 319 డ్రైవర్‌తో డెస్క్‌టాప్ మొత్తాన్నీ ఎన్విడియాతో గీయించుకునే వీలొచ్చింది గానీ, ఒక్క ప్రోగ్రామునే దానికి అప్పగించడం కుదరలేదు. అందుకు 2019 ఆగస్టులో 435 డ్రైవర్ వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

మరో తగాదా ప్రోగ్రాములు బొమ్మ గీయించుకునే ఓపెన్‌జీఎల్ లైబ్రరీది. ఎన్విడియా డ్రైవర్ వేసుకుంటే ఓపెన్ డ్రైవర్లు వాడే మీసా లైబ్రరీ ఫైలు స్థానంలో ఎన్విడియా ఫైలు వచ్చి కూర్చునేది. రెండూ పక్కపక్కన ఉండేలా ‘జీఎల్‌వీఎన్‌డీ’ని ప్రతిపాదించింది ఎన్విడియా ఇంజనీరు ఆండీ రిట్గరే. ఆ మేలు మరవకూడదు.

ప్రైమ్ వల్ల రెండు కార్డుల బలం కలిసి గేము రెట్టింపు వేగంతో నడవదు. పైగా గీసిన ఫ్రేమును రెండో కార్డుకు పంపడానికి కొంత ఖర్చవుతుంది. 1920×1080 తెరకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఫ్రేముకు సుమారు 8.3 మెగాబైట్లు, సెకనుకు 60 ఫ్రేములైతే దాదాపు 500 మెగాబైట్లు. 4కే తెరకైతే దానికి నాలుగు రెట్లు. నాలుగు లేన్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాటు మోయగలిగింది సెకనుకు 4 గిగాబైట్లలోపే, అందులో సగం దీనికే పోతుంది.

ఇప్పుడు డెస్క్‌టాప్‌లో ఇంటెల్, ఏఎండీ కార్డులు రెండూ పెట్టుకుని టెర్మినల్‌లో ప్రోగ్రాము పేరుకు ముందు ‘DRI_PRIME=1’ అని చేరిస్తే చాలు, ఆ ఒక్క ప్రోగ్రామూ రెండో కార్డు మీద నడుస్తుంది.