పాత్ర కన్నా పూతే ముఖ్యం

ఆహారం ఎంత పథ్యమైనదైనా, అది పక్వమయ్యే పాత్ర సరియైనది కాకపోతే ఆ పథ్యమే అపథ్యంగా మారుతుంది. ఏ పదార్థాన్ని ఏ పాత్రలో ఉంచాలో మన ప్రాచీనులు ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఇదే. ఈ మధ్య నా వద్దకు వచ్చే గృహిణులు మందుల కన్నా పాత్రలను గురించే ఎక్కువగా అడుగుతున్నారు. రాగి చెంబులో నీళ్లు మంచివైనప్పుడు రాగి గిన్నెలో పులుసు కాచుకోవచ్చునా? నాన్‌స్టిక్ పెనం కాన్సర్ తెస్తుందా? స్టీలు మేలా, ఇత్తడి మేలా?

ఈ ప్రశ్నలన్నింటికీ మూలం ఒక్కటే. మనం పాత్రను చూచి లోహం పేరు అడుగుతాము. కాని చాలా పాత్రలలో ఆహారాన్ని నేరుగా తాకేది ఆ లోహం కాదు, దానిమీద ఉన్న పలుచని పొర. ఆ పొర మంచిదైతే పాత్ర మంచిది. ఆ పొర పోతే ఎంత విలువైన పాత్రయినా వంటకు పనికిరాదు. పలుచని పొరలు, పూతలు అనేవి నేడు విజ్ఞానశాస్త్రంలో ఒక పెద్ద శాఖ. ఆ శాస్త్రంలో వంటింటికి అవసరమైనంత వరకు ఇక్కడ వివరిస్తాను.

పూర్వులు ఎరిగిన పూతలు

పూత అనేది మన వైద్యానికి కొత్త కాదు. గురుకులంలో మేము ఆసవారిష్టాలు తయారుచేసేటప్పుడు కొత్త కుండను అలాగే వాడనిచ్చేవారు కారు. లోపలంతా నెయ్యి పట్టించి, ధూపం వేసిన పిమ్మటనే ద్రవం పోయవలసి ఉండేది. మట్టికుండకు సూక్ష్మమైన రంధ్రాలు ఉంటాయి. నెయ్యి వాటిని మూసివేసి ద్రవం ఊరిపోకుండా కాపాడుతుంది. రససిందూరం వంటి ఔషధాలు వండే గాజు కుప్పెకు మట్టి పూసిన గుడ్డను ఏడు పొరలుగా చుట్టి ఆరబెట్టేవారము. ఆ పూత లేనిదే తీవ్రమైన మంటకు గాజు నిలువదు. మొదటిది లోపలి పూత, రెండవది వెలుపలి పూత. రెండింటి ధర్మమూ రక్షణే.

సుశ్రుత సంహితలో పుల్లని మజ్జిగ వంటి ఆమ్ల పదార్థాలను రాతి పాత్రలలో ఇవ్వాలని ఉన్నది. కంచు పాత్రలో పది దినాలు నిలువ ఉన్న నెయ్యిని వాడరాదని అష్టాంగహృదయం చెబుతుంది. విషానికి ఒక్క దోషం ఉంటే శుద్ధి చేయని తామ్రానికి ఎనిమిది దోషాలున్నాయని రసశాస్త్రకారులు హెచ్చరించారు. వాంతి, భ్రాంతి ఆ ఎనిమిదింటిలోనివే. రాగిని ఔషధంగా గౌరవించినవారే రాగి విషయంలో ఇంత జాగ్రత్త చెప్పారని గమనించాలి.

కళాయి చేసే మేలు

రాగి, ఇత్తడి పాత్రలకు లోపల పూసే తగరమే కళాయి. ఒకప్పుడు కళాయివాడు వీధిలోకి వచ్చి, చెట్టు క్రింద గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదుతూ పనిచేసేవాడు. శుభ్రంగా తోమిన పాత్రను బాగా కాల్చి, నవాసారం చల్లి, తగరాన్ని తాకించి, దూదితో లోపలంతా ఒక్క చుట్టు తిప్పేవాడు. నల్లని గిన్నె క్షణంలో వెండివలె మెరిసేది.

ఆ పనిలో చక్కని రసాయన శాస్త్రం ఉన్నది. కాలిన రాగి మీద గాలి తగిలి ఒక నల్లని పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతవరకు తగరం అంటుకోదు. నవాసారం వేడికి విడిపోయి ఆమ్లవాయువును ఇస్తుంది. అది నల్లపొరను కరిగించి లోహాన్ని శుభ్రపరుస్తుంది. తగరం 232 డిగ్రీల సెంటీగ్రేడుకే కరుగుతుంది. కరిగిన తగరం రాగితో కలిసి, రెండింటి నడుమ ఒక మిశ్రమ పొరను ఏర్పరచుకుంటుంది. అందుకే కళాయి గోడమీది సున్నంవలె పైపైన నిలిచేది కాదు, లోహంలోకి వేరూనినది.

దీని మందం కొన్ని మైక్రాన్లు మొదలు కొన్ని పదుల మైక్రాన్ల వరకు ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే చింతపండు పులుసుకూ, రాగికీ మధ్య ఉన్న అడ్డు ఒక వెంట్రుకపాటి కూడా ఉండదన్నమాట. గరిటె రాపిడికి, ఇసుకతో తోమడానికి అది క్రమంగా అరిగిపోవడం సహజం.

అరిగినచోట పులుపు రాగిని తాకుతుంది. ఆమ్లం రాగిని కరిగించి ఆహారంలో కలుపుతుంది. నోటిలో లోహపు రుచి, వికారం, వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు దీని లక్షణాలు. రాగి చెంబులో మంచినీరు రాత్రి నిలువ ఉంచి ఉదయం త్రాగడం వేరు సంగతి. నీటిలో పులుపు లేదు కనుక రాగి స్వల్పంగానే దిగుతుంది. త్రాగే నీటిలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. అదే చెంబులో నిమ్మరసమో, మజ్జిగో పోస్తే లెక్క మారిపోతుంది.

పసిపిల్లల విషయంలో

ఒక విషయాన్ని మాత్రం ప్రతి తల్లీ, ప్రతి అమ్మమ్మా తెలుసుకోవాలి. మన దేశంలో ఒకప్పుడు పసిపిల్లలను బలిగొన్న కాలేయ వ్యాధి ఒకటి ఉండేది. ఇండియన్ చైల్డ్‌హుడ్ సిరోసిస్ అని దానికి పేరు. పొట్ట ఉబ్బి, కాలేయం గట్టిపడి, కామెర్లు వచ్చి బిడ్డలు చనిపోయేవారు. ఆ బిడ్డల కాలేయంలో రాగి అమితంగా పేరుకొని ఉండేది. 1983లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇంగ్లండుకు చెందిన టానర్, పుణె వైద్యులు కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువ ఉంచిన పశువుల పాలను బిడ్డకు చాలా చిన్న వయస్సులోనే పట్టడం ఈ వ్యాధికి కారణం కావచ్చునని అందులో సూచించారు. పాలలోని మాంసకృత్తి రాగిని పట్టి ఉంచుతుంది. పాలు పుల్లగా లేవు గదా అని నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. ఇళ్లలో స్టీలు పాత్రలు వచ్చి ఇత్తడి వెనుకబడిన తరువాత ఈ వ్యాధి చాలావరకు కనుమరుగైంది.

ఈ సంగతి నేడు మళ్లీ చెప్పవలసి రావడానికి కారణం ఉన్నది. ఇత్తడి, రాగి పాత్రల మీద మోజు తిరిగి వచ్చింది. పాత్రలు తిరిగి వచ్చాయి గాని కళాయివాడు తిరిగి రాలేదు. అటకమీది నానమ్మగారి గిన్నెను దింపి, చింతపండుతో తళతళలాడేటట్లు తోమి, పొయ్యిమీద పెడుతున్నారు. వెలుపలి మెరుపు చూచినవారు లోపలి పూత చూడడంలేదు. సంప్రదాయాన్ని సగం పాటిస్తే అది సంప్రదాయం అనిపించుకోదు.

స్టీలు, అల్యూమినియం

స్టీలుకు పూత ఎక్కడున్నదని మీరు అడుగవచ్చు. ఉన్నది, కాని ఎవరూ పూయలేదు. తుప్పుపట్టని ఉక్కులో కనీసం నూటికి పదిన్నర పాళ్లు క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి తనంతట తానే ఒక పొరను కట్టుకుంటుంది. ఆ పొర మందం కొద్ది నానోమీటర్లు మాత్రమే. వెంట్రుక మందాన్ని ఇరవైవేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమంత. గీత పడితే వెంటనే మళ్లీ ఏర్పడడం దీని విశేషం. శరీరంలో గాయం మానినట్లు ఈ లోహం తన గాయాన్ని తానే మాన్పుకుంటుంది. పులుపుకు స్టీలు తగినదనడానికి ఇదే కారణం.

అల్యూమినియంకు కూడా ఇట్టి సహజమైన పొర ఉన్నది. కాని అది పులుపుకూ కరుగుతుంది, చాకలిసోడా వంటి క్షారానికీ కరుగుతుంది. అందుకే పాత్రను ఆమ్ల ద్రావణంలో ముంచి, విద్యుత్తు పంపి, ఆ పొరనే మందంగా పెంచుతారు. హార్డ్ అనోడైజ్డ్ అని దుకాణాలలో అమ్మే ముదురు బూడిదరంగు పాత్రలు ఇవే. పొర కొన్ని పదుల మైక్రాన్ల మందం ఉండి చాలా గట్టిగా ఉంటుంది. అయినా తీవ్రమైన సోడాతో కడిగితే అది కూడా దెబ్బతింటుంది.

నాన్‌స్టిక్ పూత

1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక వాయువు నింపిన సిలిండరును తెరవగా వాయువు రాలేదు. బరువు మాత్రం తగ్గలేదు. కోసి చూస్తే లోపల మైనంవంటి తెల్లని పొడి కనిపించింది. అదే టెఫ్లాన్. దేనికీ అంటుకోని ఈ పదార్థాన్ని పాత్రకు అంటించడం ఎలా? 1954లో ఫ్రాన్సు దేశపు ఇంజినీరు మార్క్ గ్రెగ్వార్ అల్యూమినియం తలాన్ని సూక్ష్మంగా గరుకు చేసి, ఆ గుంటలలో టెఫ్లాన్ పట్టుకొనేటట్లు చేశాడు.

ఈ పూతకు శత్రువు ఎండు మంట. సుమారు 260 డిగ్రీలు దాటితే అది చెడడం మొదలుపెడుతుంది. 350 దాటితే విషవాయువులుగా విడిపోతుంది. ఆ పొగకు మనుష్యులకు చలిజ్వరం వస్తుంది, ఇంట్లో పెంచుకునే చిలుకలు చనిపోతాయి. పెద్ద మంటమీద ఖాళీ పెనం కొద్ది నిమిషాలలోనే ఈ వేడిని అందుకోగలదు. కాన్సర్ భయం ముఖ్యంగా వేరొక పదార్థాన్ని గురించినది. టెఫ్లాన్ తయారీలో ఒకప్పుడు వాడిన పి.ఎఫ్.ఓ.ఏ. అనే రసాయనాన్ని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ 2023లో కాన్సర్ కారకంగా నిర్ణయించింది. అమెరికాలోని ముఖ్య తయారీ సంస్థలు 2015 నాటికి దాని వాడకం మానాయి. పొరపాటున మింగిన టెఫ్లాన్ పెచ్చు శరీరంలో జీర్ణం కాకుండా బయటకు పోతుంది. అయినా పెచ్చులు లేచిన పెనం తన పని తాను చేయలేదు. దానిని తీసివేయడమే ఉత్తమం.

ఇనుప పెనానికి నూనె రాసి కాల్చగా కాల్చగా ఏర్పడే నల్లని నునుపు కూడా ఒక పూతే. వేడికి నూనె కణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని గట్టి పొరగా మారుతాయి. మన అమ్మమ్మలు ఖర్చు లేకుండా చేసుకున్న నాన్‌స్టిక్ ఇదే. పోయినా ఇంట్లోనే తిరిగి పట్టించుకోవచ్చు.

పాటించవలసిన నియమాలు

1. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు, చారు, పెరుగు, మజ్జిగ, పచ్చడి వండరాదు, నిలువ ఉంచరాదు. పసిపిల్లల పాలు ఎట్టి పరిస్థితులలోను కాచరాదు.

2. కళాయి పాత్ర లోపలి భాగాన్ని నెలకొకసారి వెలుతురులో చూడండి. ఎరుపుగాని, పసుపుగాని ఎక్కడ తొంగిచూచినా తిరిగి కళాయి పెట్టించండి. ఆకుపచ్చని చిలుము కనిపిస్తే ఆ పాత్రలోని ఆహారాన్ని పారవేయండి.

3. కళాయికి శుద్ధమైన తగరమే వాడమని అడగండి. సీసం కలిసిన తగరం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఖురకము, మిశ్రకము అని తగరాన్ని రెండుగా విభజించి, ఖురకాన్నే గ్రహించమని మన శాస్త్రం చెప్పింది.

4. కళాయి గిన్నెను ఖాళీగా మంటపై ఉంచరాదు, తగరం కరిగి బొట్లుగా చేరుతుంది. పోపు, వేపుడు ఇనుప మూకుడులో చేసుకోండి. కళాయిని మెత్తని పీచుతో తోమాలి, ఇసుక, ఇనుప పీచు కూడదు.

5. నాన్‌స్టిక్ పెనంపై చెక్క గరిటె వాడి, సన్నని మంటమీద వండండి. ఖాళీగా కాల్చవద్దు.

6. ఊరగాయలకు జాడీ, గాజుసీసా శ్రేష్ఠం. జాడీ లోపలి నునుపు పెచ్చు లేచిపోతే దానిని వేరే పనికి వాడుకోండి.

7. పేరూ, గుర్తూ లేని చౌక పాత్రలు కొనవద్దు. మన దేశం నుండి వెళ్లిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుండి ఆహారంలోకి సీసం దిగవచ్చునని 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. విదేశాలలో ఉన్న పిల్లలకు పాత్రలు పంపేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో పచ్చళ్లు, సాంబారు వంటి పుల్లని పదార్థాలను అల్యూమినియం, ఇనుము, పూతలేని రాగి, ఇత్తడి పాత్రలలో నిలువ ఉంచవద్దని చెప్పింది. పులుపుకు రాతి పాత్రను నిర్దేశించిన సుశ్రుతుని మాటకు ఇది పొందికగానే ఉన్నది. పాతదైనా, కొత్తదైనా శాస్త్రం చూపుతున్న మార్గం ఒక్కటే అయినప్పుడు మనకు సందేహం అక్కరలేదు. ఈ రోజే మీ ఇంటి ఇత్తడి గిన్నెలను ఒక్కసారి వెలుతురులోకి తెచ్చి లోపలికి చూడండి.