అంబాసిడర్ స్టీరింగులో అంగుళం ప్లే

"సార్, మా ఎడ్లబండికి స్టీరింగు లేదు గదా! కారుకెందుకు?"

అద్దంకి బడిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే ఓ కుర్రాడు వేసిన ప్రశ్న ఇది. క్లాసంతా గొల్లుమంది. నేను మాత్రం సుద్దముక్క కింద పెట్టాను. అదే వారం మా పాత అంబాసిడర్ మేదరమెట్ల రోడ్డు మీద నా మాట వినడం మానేసింది. స్టీరింగు మూడు వేళ్ల మందం తిప్పినా చక్రాల్లో చలనం లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. ఈ ఖాళీ తిప్పుడునే ప్లే అంటారు. కుర్రాడి ప్రశ్నకు జవాబు వెతుకుతూనే కారు కిందికి దూరాను.

ఎడ్లబండికి చక్రాలు రెండే. మలుపులో ఒకటి నిదానంగా, రెండోది వడిగా తిరుగుతుంది. కాడి ఎటు తిరిగితే ఇరుసూ అటే. నాలుగు చక్రాలు పెట్టగానే మొదలవుతుంది చిక్కు. మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు పోయే నాలుగు చక్రాల ట్రాక్టరు ట్రక్కును చూడండి. ముందు ఇరుసు మొత్తం మధ్యలో ఒకే చోట తిరుగుతుంది. నిదానంగా పోయే ట్రక్కుకు అది చాలు. కానీ ఒక చక్రం గుంతలో పడిందంటే ఆ దెబ్బకు ఇరుసంతా పొడుగాటి మీటలా పక్కకు లాగేస్తుంది. గుర్రపుబగ్గీలు ఇలాగే బోల్తా పడేవి.

మ్యూనిక్‌లో బగ్గీలు చేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో దీనికి విరుగుడు కట్టాడు. ఇరుసును కదలనీయకుండా దాని రెండు కొసల్లో చక్రాలను విడివిడిగా తిప్పాడు. ఇంగ్లండులో పేటెంటు తీసుకునే పని రుడాల్ఫ్ ఆకర్‌మన్ అనే ఏజెంటుకు అప్పగించాడు. 1818లో పేటెంటు వచ్చింది, పేరు మాత్రం ఏజెంటుదే నిలిచింది. ప్రపంచమంతా ఇప్పటికీ ఆకర్‌మన్ స్టీరింగనే అంటుంది. డార్విన్ తాత ఇరాస్మస్ డార్విన్ అంతకు దాదాపు అరవై ఏళ్ల ముందే ఇదే ఆలోచన చేశాడు. ఆయన్నూ ఎవరూ తలచుకోరు.

అందులోని తెలివి ఏమిటో కళ్లం తొక్కించడం చూసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. గుంజకు దగ్గరున్న ఎద్దు చిన్న చుట్టు తిరుగుతుంది, చివరి ఎద్దు పెద్ద చుట్టు. కారు మలుపులోనూ కంటికి కనపడని ఒక గుంజ ఉంటుంది, వెనక ఇరుసు గీతను పక్కకు పొడిగిస్తే దాని మీద. నాలుగు చక్రాలూ ఆ గుంజ చుట్టూనే తిరగాలి. అంబాసిడర్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.46 మీటర్లు. గుంజ లోపలి చక్రానికి 4 మీటర్ల పక్కన ఉందనుకుంటే ఆ చక్రం దాదాపు 32 డిగ్రీలు తిరగాలి. బయటి చక్రానికి 25 చాలు. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఒకటి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది, టైరు అరిగిపోతుంది. ఈ తేడాను ఎవరు లెక్కగడతారు? ఎవరూ అక్కర్లేదు. చక్రాల దగ్గరున్న రెండు స్టీరింగు చేతులను కాస్త ఏటవాలుగా పెడతారు, వాటి గీతలను పొడిగిస్తే వెనక ఇరుసు నడుమ కలిసేలా. ఆ వాలే లెక్క చేసిపెడుతుంది. పూర్తి కచ్చితంగా కాదు, దాదాపుగా. బల్ల మీద ఈ గీతలు గీసి చూపించినప్పుడు ఆ కుర్రాడు నోరు తెరిచాడు.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు తీసుకున్న కారుకు మూడే చక్రాలు ఎందుకున్నాయో ఇప్పుడు చెప్పొచ్చు. రెండు ముందు చక్రాలను సవ్యంగా తిప్పే దారి ఆయనకు ఇంకా దొరకలేదు. 1893లో గానీ దొరకలేదు.

ఇక చేతిలోని చక్రం తిప్పుడును రోడ్డు మీది చక్రాలకు చేర్చడం ఎలా? ఇక్కడే ఒకప్పుడు మన దేశపు రోడ్ల మీద రెండు పార్టీలుండేవి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌ది రాక్ అండ్ పినియన్: స్టీరింగు రాడ్డు చివర చిన్న పళ్లచక్రం, దాని కింద పళ్లున్న అడ్డకడ్డీ. చక్రం తిరిగితే కడ్డీ పక్కకు జరుగుతుంది, అంతే. ఫియట్ 1100, అంటే మన పద్మినిది స్టీరింగు బాక్సు. అందులో మరచుట్టు లాంటి వర్మ్, దాన్ని కరుచుకుని నడిచే రోలర్.

నాకు అంబాసిడర్ మీదే ప్రేమ. కానీ ఒక్క విషయంలో బాక్సు చేసినవాళ్లకు దండం పెట్టాలి. ఏ కారైనా ఎక్కువసేపు నడిచేది నిటారుగా, కాబట్టి పళ్లు ఎక్కువగా అరిగేది నడిమిచోటే. అది ముందే ఊహించి వాళ్లు వర్మ్‌ను నడుమ బిగుతుగా, రెండు కొసల్లో కాస్త వదులుగా చెక్కారు. నడుమ అరిగాక సర్దుబాటు స్క్రూ తిప్పి రోలర్‌ను లోపలికి నెడితే నడుమ మళ్లీ బిగుతవుతుంది, కొసలు పట్టేయవు. రాక్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని పళ్లు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే తీరు. వెనక నుంచి ఒక స్ప్రింగు దిమ్మ రాక్‌ను పినియన్‌కు అదిమి పెడుతుంది. దిమ్మ మూత కింది పలుచని రేకులు తీసేసి నడిమి ప్లేను పోగొడితే, పూర్తిగా తిప్పినప్పుడు అరగని పళ్లు పట్టేస్తాయి.

నేను చేయించుకున్న తప్పు ఇదే. పట్నంలో ఒక షెడ్డులో "అయిదు నిమిషాల పని" అని రేకులు తీసేశారు. ప్లే పోయినట్టే అనిపించింది. కానీ మలుపు తిరిగాక స్టీరింగు తనంతట వెనక్కి రావడం మానేసింది. చేతులు వదిలి సైకిలు తొక్కినవాళ్లకు తెలుసు, ముందు చక్రం తనే నిటారుకు వస్తుంది. ముందు ఫోర్కు వాలి ఉండటం వల్ల, దాని గీత నేలను తాకే చోటుకు టైరు వెనకబడి ఉంటుంది. ఆ ఈడ్పే దాన్ని సర్దుతుంది. కారులోనూ అదే ఏర్పాటు. పట్టేసిన రాక్ ఆ చిన్న బలాన్ని మింగేసింది. ప్లే ఉన్న బండి విసిగిస్తుంది, పట్టేసిన బండి చంపుతుంది.

అద్దంకిలో మా మెకానిక్ ముందు ఆ రేకులు మళ్లీ పెట్టించాడు. "మాస్టారూ, మీరు కూర్చుని స్టీరింగును రెండు వేళ్లతో అటూ ఇటూ ఆడించండి. గట్టిగా వద్దు" అని కిందికి దూరాడు. ఒక్కో జాయింటు మీద అరచెయ్యి వేసి చూశాడు. ఒక పక్క కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలిన చోట చేతికి టక్‌మంటుంది. తర్వాత జాకీ ఎత్తి చక్రాన్ని ముందు, వెనక పట్టి ఊపాడు. అలా ఆడితే రాక్‌ను చక్రాల చేతులకు కలిపే టై రాడ్ల కొసల్లోని బాల్ జాయింట్లది, అంటే టై రాడ్ ఎండ్లది తప్పు. పైనా కిందా పట్టి ఊపినప్పుడు ఆడితే, చక్రం పక్కకు మళ్లడానికి ఆధారమైన కింగ్‌పిన్ గానీ వీల్ బేరింగు గానీ. రెంటిలో ఏది? "బ్రేకు తొక్కండి" అన్నాడు. తొక్కగానే ఆట పోతే బేరింగు, పోకుంటే కింగ్‌పిన్. పాఠ్యపుస్తకంలో ఇంత శుభ్రమైన ప్రయోగం నేను చూడలేదు.

మా బండికి దొరికినవి రెండు టై రాడ్ ఎండ్లు. రెంటికీ రబ్బరు టోపీలు చిరిగి ఉన్నాయి. మన రేగడి దుమ్ము అందులో చేరి, వానకు తడిసి, గ్రీజుతో కలిసి సానరాయి ముద్దలా పనిచేసింది. అదే రేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగి, తారు రోడ్డును అలల్లా చేస్తుంది. పైనుంచి కుదుపు, లోపల సాన. పినియన్ ఒక చుట్టుకు రాక్ 5 సెంటీమీటర్లు జరుగుతుందనుకోండి. దారిలో ఎక్కడైనా 1 మిల్లీమీటరు అరిగితే 40 సెంటీమీటర్ల స్టీరింగు అంచున అది 2.5 సెంటీమీటర్ల ప్లే అవుతుంది, అంటే అంగుళం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వది, ప్లే 30 డిగ్రీలు మించరాదంటుంది. అదే స్టీరింగు మీద కొలిస్తే దాదాపు అర జానెడు! నాకది మరీ ఉదారంగా తోస్తుంది. కానీ బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలుండాలని అదే నియమం చెప్పింది చూశారూ, అది రాసినవాడు కారు కింద పడుకున్నవాడే.

తర్వాతి కథ త్వరగా అయిపోతుంది. 1951లో అమెరికాలో క్రైస్లర్ కార్లకు నూనె ఒత్తిడితో పవర్ స్టీరింగు వచ్చింది. 1983లో మారుతి 800 వచ్చింది, దానిదీ రాక్ అండ్ పినియనే. ఆ పోరులో చివరికి రాక్ గెలిచింది, ఇవాళ్టి చిన్న కార్లన్నిటిలో ఉన్నది అదే, పక్కన ఒక కరెంటు మోటారు తోడుగా. ఉత్తర్‌పరాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది.

మా బండికి టై రాడ్ ఎండ్లు రెండూ మార్చి, ముందు చక్రాల అలైన్‌మెంటు మళ్లీ కొలిపించాం. ప్లే ఇప్పుడు ఒక వేలి మందం కూడా లేదు. మీ బండి రోడ్డు మీద ఊగుతుంటే రాక్ విప్పించకముందు టైర్లలో గాలి, ఆ రబ్బరు టోపీలు చూడండి.