ఫైలు ఉన్నదా, లేదా?

మైలవరము పరిసరములందలి కొండలపై కురిసిన వాన బుడమేరులో చేరి, విజయవాడ అంచును ఒరసికొని, కొల్లేటికి పోవును. వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, మళ్లింపు కాలువ త్రవ్వి, ఆ వరదలో కొంత కృష్ణలోనికి మరల్చినారు. అయినను 2005లోను, మరల 2024 సెప్టెంబరు మొదటి దినములలోను ఆ యేరు నగరమును ముంచినది. 2024లో గట్టుకు గండ్లు పడి, అజిత్ సింగ్ నగరు మున్నగు పేటలు దినముల తరబడి నీటిలో నిలిచినవి. ఇట్టి యేటికి గట్టు ఎంత యెత్తున ఉండవలెను, కాలువ ఎంత వెడల్పున ఉండవలెను అని నిర్ణయింపబోవువాడు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఎగువను ఏ యేట ఎంత వాన కురిసినది?

ఆ లెక్క యిప్పుడు కంప్యూటరు ఫైళ్లలో ఉన్నది. భారత వాతావరణ విభాగము 1901వ సంవత్సరము మొదలుకొని దినదిన వర్షపాతమును గళ్లుగా కూర్చి యిచ్చుచున్నది. గడికిని గడికిని మధ్య దూరము పావు డిగ్రీ. తూర్పు పడమరలుగా 135, ఉత్తర దక్షిణములుగా 129 బిందువులు, ఏడాదికొక ఫైలు. 1991 నుండి 2020 వరకు ముప్పది యేండ్ల సగటు కావలెనన్నచో ముప్పది ఫైళ్లు తెరువవలెను. ఈ పనిని మనిషి చేతితో చేయడు; కంప్యూటరుకు అర్థమగు భాషలో ఆజ్ఞల జాబితా వ్రాసి యిచ్చును. వాతావరణ శాస్త్రజ్ఞులు చిరకాలము వాడిన అట్టి భాష ఎన్‌సీఎల్. అమెరికాలో బౌల్డరు నగరమున 1960లో నెలకొన్న జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రము దానిని రూపొందించినది. 2019 తరువాత అందు క్రొత్త హంగులు చేర్చుట మాని, ఆ కేంద్రము పైథాన్ భాష వైపు మరలినది. అయినను అందు నేర్చిన పాఠము ఏ భాషకైనను వర్తించును.

ఆ పాఠమును మన యూరి పోలికతో చెప్పుకొందము. 1984లో రద్దగువరకు గ్రామములలో కరణము ఉద్యోగము ఉండెడిది. కరణముగారి పెట్టెలో అడంగలు పుస్తకము లేకపోవుట ఒక సంగతి. పుస్తకముండి, పుట ఖాళీగా ఉండుట వేరొక సంగతి. ఆ పుటలో సున్న వ్రాసియుండుట మూడవ సంగతి. ఈ మూడింటిని ఒక్కటిగా భావించువాడు లెక్క చెడగొట్టును. కంప్యూటరుకు ఈ భేదము తనంతట తెలియదు, మనము చెప్పవలెను.

ఎన్‌సీఎల్‌లో ఇందుకై ఇస్‌ఫైల్‌ప్రెజెంట్ అను ప్రమేయము కలదు. ఫైలు పేరును దానికి అందించినచో, ఉన్నయెడల ట్రూ అనియు, లేనియెడల ఫాల్స్ అనియు బదులిచ్చును. ముప్పది పేర్లను ఒక వరుసగా ఇచ్చినను ముప్పది బదుళ్లు వరుసగానే వచ్చును. ఆ బదుళ్లన్నియు ట్రూ అయిననే లెక్క మొదలుపెట్టవలెను. కానియెడల ఏ యేటి ఫైలు లేదో ముద్రించి పని ఆపవలెను.

అయితే ఇక్కడ ఒక మెలిక యున్నది. ఈ ప్రమేయము ఫైలు ఉండుటను మాత్రమే చూడదు. అది తనకు తెలిసిన రూపములో ఉన్నదా యనియు చూచును. వాతావరణ విభాగపు వానలెక్క నెట్‌సీడీఎఫ్ రూపములోను, ఉత్త అంకెలు పేర్చిన జీఆర్‌డీ రూపములోను దొరకును. మొదటి దానికి ట్రూ అను బదులు వచ్చును. రెండవది కన్నులయెదుట ఉన్నను ఫాల్స్ అను బదులే వచ్చును. ఫైలు రూపముతో పనిలేక ఉనికిని మాత్రమే అడుగుటకు ఫైల్‌ఎగ్జిస్ట్స్ అను వేరొక ప్రమేయము కలదు. పెద్దబడి, చిన్నబడి అక్షరముల భేదమును యూనిక్స్ కంప్యూటర్లు పాటించును గనుక, పేరులో ఒక్క అక్షరము మారినను లేదనియే చెప్పును. పైథాన్‌లో ఎగ్జిస్ట్స్ అని అడిగినచో, ఆ పేరుతో ఫైలు గాక ఫోల్డరు ఉన్నను ఔననియే చెప్పును; ఫైలే కావలెనన్నచో ఇస్‌ఫైల్ అని అడుగవలెను.

ఉన్నదని తెలిసినంత మాత్రమున నమ్మరాదు. సగములో తెగిన ఫైలు కూడ ఉన్నదే యగును. జీఆర్‌డీ ఫైలులో అంకెకు నాలుగు బైట్ల చొప్పున దినమునకు 69,660 బైట్లు. సామాన్య సంవత్సరమునకు 2,54,25,900, లీపు సంవత్సరమునకు 2,54,95,560. ఈ కొలతకు తగ్గినచో కొన్ని దినములు లోపించినట్లే. లోపలను, విలువ లేనిచోట −999 అని వ్రాసియుండును. దానిని వానగా కూడరాదు, సున్నగా ఎంచరాదు.

ఉపేక్షించినచో ఏమగును? ఏటేట 900 మిల్లీమీటర్ల వాన కురియునని అనుకొందము. ఒక ఫైలు లేక, దాని స్థానమున సున్న చేరి, మొత్తమును ముప్పదిచేతనే భాగించినచో సగటు 870 అగును. ముప్పది మిల్లీమీటర్లు ఎవరికిని తెలియకుండ మాయమగును. సగటు కంటె గరిష్ఠము విషయము ఇంకను ప్రమాదకరము. లేని ఫైలు వరద వచ్చిన యేటిదే యైనచో, ఆ వరద లెక్కలోనికే రాదు. గట్టు అంతమేరకు తగ్గును. యేరు మాత్రము లెక్కను చూచి ప్రవహింపదు.

మైక్రోఫోను ముందు వాతావరణ విశేషములు చదువు మాకు రెండు వాక్యములు సుపరిచితములు: “వర్షము కురియలేదు,” “సమాచారము అందలేదు.” మొదటిదానిని విని రైతు నాగలి ఎత్తవచ్చును, దించవచ్చును, రెండవదానిని విని ఇంకొక మాటకై ఎదురు చూడవలెను. కంప్యూటరుకు వ్రాయు ఆజ్ఞలలో ఒక్క పంక్తి చేర్చి, ఫైలు ఉన్నదా యని ముందు అడుగుట ఆ రెండు వాక్యములను వేరుగా ఉంచుట కొరకే. బుడమేటి గట్టున నివసించువారికి ఆ భేదము చిన్నది కాదు.