ఇర్రి, లేడి, తాబేలు: రుషికుల్య పక్కన బీడూ ఇసకా

బరంపురం తెలుగిళ్ళల్లో ఇప్పుడు కొమ్ములున్న అడవిజంతువు ఏది కనపడినా 'జింక' అనేస్తున్నారు. మా పెద్దవాళ్ళకి అలా కాదు. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములు ఉన్న మగది ఇర్రి. దాని ఆడది లేడి. ఒంటినిండా తెల్లచుక్కలుంటే దుప్పి. అంతకంటే భారీగా, ముదురు రంగులో ఉండేది కణుజు. ఇర్రి అన్నది పాతమాట. కన్నడం ఎరళె, తమిళం ఇరలై దానికి చుట్టాలే. మన పక్కింటి ఒడియావాళ్ళు కృష్ణసార మృగం అంటారు. ఇప్పుడు మనవాళ్ళు కూడా ఆ మాటే ఎక్కువ పలుకుతున్నారు.

ఇది ఉత్త పేర్ల గొడవ కాదండి. దుప్పి కొమ్ములు, కణుజు కొమ్ములు ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. ఇర్రి కొమ్ములు రాలవు, చచ్చేదాకా ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, అవి ఉండే చోట్లు వేరు. దుప్పికి చెట్ల నీడ, దగ్గర్లో నీరు కావాలి. ఇర్రికి చూపు ఆనినంత మేర ఖాళీ నేల కావాలి. శత్రువుని దూరం నుంచే చూసి పరిగెత్తి బతికే జంతువు అది. దట్టంగా చెట్లు పెరిగిన చోట నిలవదు.

మన తూర్పు కనుమల అడవి ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది కాదు. వాన నాలుగైదు నెలలే. ఎండలు ముదిరేసరికి ఆకు రాలిపోతుంది, ఎండ నేలకి తగులుతుంది. అందుకే తొలకరి పడగానే కింద గడ్డి లేస్తుంది. కొమ్మలు, ఆకులు ఎండి పడినచోట చెదలు చేరతాయి. ఆ చెదల్ని తిని ఎలుగుబంటి, అలుగు బతుకుతాయి. అడవి అంచుకి వస్తే ముళ్ళపొదలు, ఏదుపందులు, చెవులపిల్లులు, ఉడుములు, నక్కలు. ఆ పొదలు దాటితే బీడు. ఇర్రిది ఆ బీడు.

రుషికుల్య కంధమాల్ కొండల్లో పుట్టి, గంజాం జిల్లా మీదుగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. దారిలో అస్కా వైపు భేట్నోయి, బలిపదర్ చుట్టుపక్కల ఊళ్ళ పొలాల్లో ఇర్రిమందలు తిరుగుతాయి. అక్కడ కంచె వేసిన అభయారణ్యం లేదు, అవి రైతుల చేలే. వెనకటి కరువులో ఈ జంతువులు వచ్చాకే వాన పడిందని ఆ ఊళ్ళ నమ్మకం. చేలో మేస్తే నష్టమే, అయినా కొట్టరు. వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది 1972లో. వీళ్ళ కట్టుబాటు అంతకంటే చాలా ముందుది.

నేను బ్యాంకులో పనిచేసిన రోజుల్లో భూమి కాగితాల్లో ఇలాంటి నేలకి ఒకటే పేరు ఉండేది: బంజరు. అంటే పనికిరానిది. దాన్ని దున్నినా లాభమే, తోట వేసినా లాభమే అని లెక్క. మొక్కలు నాటడం మంచిపనే, కాని బీడు నిండా చెట్లు నాటితే ఇర్రికి చోటు పోయినట్టే. బీడు అంటే పశువులు మేసే నేల అని మన పాత తెలుగుకి తెలుసు. ఆ కాగితం మాటలో మేతా లేదు, మేసేదీ లేదు.

నది మొగ దగ్గర ఇసకదీ అదే కథ. గోపాలపురం నుంచి పూరీ దాకా తీరంలో తెలుగు మాట్లాడే బెస్తవాళ్ళని ఒడియావాళ్ళు నోలియాలు అంటారు. 1936 దాకా గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది, అయితే వీళ్ళ రాకపోకలకి ఆ హద్దులతో పెద్ద పని లేదు, అలల వెంట వచ్చినవాళ్ళు. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞులు లోకానికి చెప్పింది 1994లో. పల్లెలవాళ్ళు వాటిని అంతకు ముందూ చూస్తూనే ఉన్నారు. మనం తాబేలు అంటే ఒడియాలో కఇంఛ.

చాలా ఏళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో రాత్రిపూట వేల తాబేళ్ళు ఒడ్డెక్కుతాయి. కొన్నేళ్ళు అసలు రావు, ఎందుకో గట్టిగా చెప్పలేరు. ఒక్కొక్కటి మూరెడు లోతు గొయ్యి తీసి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసక కప్పి, ఒంటితో అదిమి వెళ్ళిపోతుంది. తరవాత కాపలా ఇసకదే. ఇసక బాగా వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ. నెలన్నర, రెండు నెలల మధ్య పిల్లలు బయటపడి, వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. పూర్వం రాత్రిపూట ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడు రోడ్డు దీపాలు, కట్టడాల దీపాలు వాటిని వెనక్కి లాగుతున్నాయి. వెనకాల సరుగుడు తోటల్లో కుక్కలు, నక్కలు కాచుకుని ఉంటాయి. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటో రెండో అంటారు. మా బ్యాంకు వసూళ్ళు అలా ఉంటే బ్రాంచికి తాళం పడేది!

పెద్ద తాబేళ్ళకి ముప్పు మరపడవల వలలు. అందుకే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగ ఎదుట 20 కిలోమీటర్ల మేర వేట నిషేధం. నోలియా పిల్లలు కొందరు గుడ్లకి కాపలా కాస్తారు. ఆ ఏడు నెలలూ వేటలేని ఇల్లు ఎలా గడవాలన్నది వాళ్ళని అడిగితే తెలుస్తుంది. పైగా తీరం కోతకి పొదంపేట లాంటి పల్లెలే వెనక్కి జరగాల్సి వచ్చింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. ఇసకతిన్నె ఏటా ఒకచోట ఉండదు. తాబేలూ బెస్తవాడూ ఇద్దరూ దాని వెంటే కదలాలి.

బీడు, మిట్ట, పర్ర, తిప్ప, మొగ. ఇవన్నీ ఖాళీగా కనపడే చోట్లకి మన మాటలు. వీటిలో మీ వైపు ఇంకా ఏవి వాడుకలో ఉన్నాయో, ఇర్రి అన్న మాట ఎవరి నోట చివరిసారి విన్నారో రాయండి. కోలారు, హోసూరు వైపువాళ్ళు మరీను, ఎరళె పక్కనే ఉన్నవాళ్ళు కదా.